గచ్చిబౌలిలో దినబాడుగ యిండ్లు

పొలములో నొక చెక్క నమ్మి గచ్చిబౌలి ప్రాంతమున ఫ్లాటు కొన్న రైతుకుటుంబములు మన సభ్యులలోను గలవు. "నెలబాడుగ కిచ్చుటకంటె దినబాడుగపై అతిథుల నుంచినచో రెట్టింపు వచ్చునట, నిజమేనా?" యని పలువురు మమ్మడుగుచున్నారు. కావున ఈ మాసపు పాఠమున దీనినే విచారింతము.

ఈ పద్ధతి మనకు బొత్తిగా క్రొత్త గాదు. పూర్వము బాటసారులకు పూటకూళ్ళ యిండ్లుండెను. ఇల్లాలు తన యింటనే అన్నము పెట్టి, పడక చూపి, రొక్కము పుచ్చుకొనెడిది. క్రొత్తదనమెల్ల మధ్యవర్తిలో నున్నది. 2007లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఇంటిబాడుగకు ఇక్కట్టుపడుచున్న యిద్దరు యువకులు, ఒక సభకు వచ్చిన పరాయివారికి తమ యింట గాలిపరుపులు వేసి రొక్కము తీసికొనిరి. మరుసటి యేడు మూడవవాడు చేరగా ఎయిర్ బీఎన్‌బీ కంపెనీ పుట్టెను. ఇంటిని సెల్ ఫోనులో అతిథికి చూపి, సొమ్ము వసూలుచేసి, తన కమీషను మినహాయించి తక్కినది యింటివాని కంపుట దాని పని. మండీలో కమీషను చెల్లించిన రైతునకు దీనిని వేరుగ బోధింప నక్కరలేదు. ఇటలీలోని బొలోన్యా నగరమున కార్యస్థానము గల ఫెయిర్ బీఎన్‌బీ యను సహకార సంఘము తన కమీషనులో సగము స్థానిక ప్రజాహిత కార్యముల కిచ్చు నియమము పెట్టుకొన్నది. సహకారులమగు మనము గమనింపదగిన మార్గమిది.

గచ్చిబౌలికి అతిథు లేల వత్తురు? 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము, 1998 నాటి ట్రిపుల్ ఐటీ, 2002 జాతీయ క్రీడలు జరిగిన స్టేడియము అచ్చటనే యున్నవి. పిమ్మట సాఫ్టువేరు కార్యాలయములు, పెద్ద ఆసుపత్రులు వెలసెను. ఉద్యోగమున క్రొత్తగా చేరువానికి పది దినములు, రోగి బంధువులకు నాలుగు రాత్రులు నీడ కావలెను. రోగికి గంజి కాచుటకు పొయ్యి యున్న యిల్లు వారికి హోటలు గదికంటె మేలు.

ఇక లెక్క. ఇవి యూహాంకెలే, మీ యంకెలు మీరు వేసికొనుడు. నెలబాడుగ 25,000 రూపాయలు, దినబాడుగ 2,000 అనుకొందము. ముప్పది రాత్రులకు 60,000 అని మురియుట, వాన పడకమునుపే బస్తాలు లెక్కించుట వంటిది. అతిథులు 16 రాత్రులే యుండిరనుడు. వచ్చినది 32,000. కమీషను నూటికి 15 చొప్పున 4,800 పోవును. ఎనిమిది జట్లు వచ్చిన, జట్టునకు 500 వంతున దుప్పట్ల చాకలికి, ఊడ్పులకు 4,000. విద్యుత్తు, ఇంటర్నెట్టు మొదలగువాని కింకొక 4,000. మిగులునది 19,200 మాత్రమే! ఇదే తీరున 22 రాత్రులు నిండి, పదునొకండు జట్లు వచ్చిన 27,900 మిగులును. మంచములు, బీరువాలు కొన్న సొమ్ము ఇందులో చేర్పలేదు.

లెక్కకు లొంగని చిక్కొకటి కలదు. మా యెరుకలోని యొక సభ్యుడు అపార్టుమెంటు నివాసుల సంఘము నడుగకయే అతిథుల కిచ్చెను. ఆసుపత్రినుండి అర్ధరాత్రి వచ్చిన ముసలి దంపతులను కావలివాడు లోనికి పోనీయలేదు. తెల్లవారువరకు వారు మెట్లపైననే కూర్చుండిరి. సొమ్ము తిరిగి యిచ్చివేసితినని యతడు చెప్పెను గాని, ఆ మాట చెప్పునపుడు మా మొగము చూడలేదు. నివాసుల సంఘపు సమ్మతిని ముందుగనే వ్రాతమూలముగ పొందవలెను. అతిథి గుర్తింపుకార్డు చూచి నకలుంచుకొనవలెను. విదేశీయుడు దిగినచో 24 గంటలలోపల విదేశీయుల నమోదు కార్యాలయమునకు తెలుపవలెను. ఈ రాబడిని ఆదాయపు పన్ను లెక్కలో చూపక తప్పదు.

పంట ఋణము తీసి సోఫాలు కొందుమనువారికి మేము సమ్మతింపజాలము. కుమారుడో కుమార్తెయో అచ్చట కాపురముండి, ఒక గది ఖాళీగా నున్నచో, ఆ గదితోనే మొదలిడవచ్చును. మూడు మాసములు నిండిన రాత్రులు, ఖాళీ రాత్రులు నోటుపుస్తకమున వ్రాసి తెచ్చినచో, మన కార్యాలయమున లెక్క సరిచూచి యిత్తుము.