దిగడమా, వెనుదిరగడమా: చార్టర్ పైలట్ ఉద్యోగంలో అసలు పని

పైలట్ కోర్సు గురించి వాకబు చేసే ఇంటర్ విద్యార్థుల మనసులో ఉండేది దాదాపు ఎప్పుడూ ఎయిర్‌లైన్సే. ఆరుగురో ఏడుగురో కూర్చునే లైట్ జెట్లు, వాటిని తిప్పే చార్టర్ కంపెనీలు, సొంత విమానాలున్న పారిశ్రామిక సంస్థలు వాళ్ల లెక్కలోకి రావు. అక్కడా ఉద్యోగాలున్నాయి. జీతం ఎంతన్నది తర్వాత, దేనికి ఇస్తారో ముందు తెలుసుకోవాలి. విమానం నడపడం వచ్చినవాళ్లు దొరుకుతారు. డబ్బు కట్టిన ప్రయాణికుడితో ‘ఈరోజు అక్కడ దిగడం కుదరదు’ అని చెప్పి, ఆ మాట మీద నిలబడేవాళ్లు దొరకడమే కష్టం.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. అమెరికాలో కొలరాడో కొండల మధ్య టెల్యురైడ్ అనే ఊరుంది. స్కీయింగ్ కోసం సంపన్నులు వచ్చిపోయే చోటు. దాని ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 9,070 అడుగుల ఎత్తున ఒక మెట్ట మీద ఉంది. రన్‌వే 7,111 అడుగులు, రెండు చివర్లా లోయే. సముద్రమట్టం దగ్గరైతే చాలా లైట్ జెట్లు మూడువేల చిల్లర అడుగుల్లో ఆగిపోతాయి కాబట్టి ఏడువేలంటే బోలెడు చోటు ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ అక్కరకొచ్చేది ఇక్కడే.

ప్రామాణిక వాతావరణం లెక్కలో సముద్రమట్టం దగ్గర ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. వెయ్యి అడుగులు పైకి పోతే సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. ఆ ప్రకారం టెల్యురైడ్‌లో మైనస్ 3 ఉండాలి. వేసవి మధ్యాహ్నం అక్కడ 25 డిగ్రీలుంటే తేడా 28. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే, విమానం రెక్కలకూ ఇంజిన్లకూ ఆ రన్‌వే 12,400 అడుగుల ఎత్తున ఉన్నట్టే. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. అంత పలుచని గాలిలో ఎయిర్‌స్పీడ్ మీటరు 105 నాట్లు చూపిస్తున్నప్పుడు విమానం నిజంగా పోయే వేగం 127 నాట్ల దాకా ఉంటుంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. దీనికి 10 నాట్ల వెనుకగాలి తోడైతే చక్రాలు నేలను తాకేది 137 నాట్లతో. రన్‌వే అంచును 20 అడుగులు ఎక్కువ ఎత్తులో దాటితే, మామూలు 3 డిగ్రీల వాలులో, మరో 400 అడుగుల రన్‌వే చక్రాల కిందకు రాకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. తడి, మంచు సంగతి ఇంకా ఎత్తనే లేదు.

అందుకే కిరాయికి తిప్పే జెట్లకు అమెరికాలో సాధారణంగా వర్తించే నియమం ఒకటుంది: బయలుదేరే ముందు వేసే లెక్కలో విమానం రన్‌వేలో 60 శాతం లోపలే ఆగాలి. టెల్యురైడ్‌లో అది 4,260 అడుగుల పైచిలుకు. యజమానే తన విమానాన్ని స్వయంగా నడుపుకుంటే ఈ నియమం వర్తించదు. చట్టం అడగకపోయినా ఆ మార్జిన్ పాటించేవారినే నేను వృత్తి పైలట్లంటాను.

కొత్తవారు మరిచిపోయేది ఇంకోటుంది, తిరుగు ప్రయాణం. దిగడానికి సరిపోయిన రన్‌వే ఎగరడానికి సరిపోకపోవచ్చు. వేడి మధ్యాహ్నం, నిండా ఇంధనం, నిండా ప్రయాణికులు, ఎగిరే క్షణంలో ఒక ఇంజిన్ ఆగితే మిగిలిన ఒక్కదానితో ఎదురుగా ఉన్న కొండను దాటగలమా? లేదని లెక్క చెబితే బరువు తగ్గించుకోవాలి, లేదా తెల్లవారి చల్లగాలి దాకా ఆగాలి. కాబట్టి ‘దిగాలా’ అన్న ప్రశ్నలోనే ‘రేపు ఎలా బయటపడతాం’ అన్నదీ ఉంది. లెక్క కుదరని రోజుకు దగ్గర్లోని మాంట్రోజ్ ఎయిర్‌పోర్టు ఉంది: 10,000 అడుగుల రన్‌వే, ఎత్తు కూడా మూడువేల అడుగులకు పైగా తక్కువ. అక్కడి నుంచి టెల్యురైడ్‌కు కారులో సుమారు గంటన్నర. బయలుదేరే ముందే మాంట్రోజ్‌లో కారు మాట్లాడి ఉంచే పైలట్‌కు, గాలిలో ‘వద్దు’ అనడం చాలా తేలికవుతుంది. ఈ ముందుచూపు ఏ పరీక్షలోనూ మార్కులు తేదు గానీ ఉద్యోగాన్ని నిలబెడుతుంది.

దిగి తీరాలన్న ఒత్తిడి ఎలా పనిచేస్తుందో చూడాలంటే అదే రాష్ట్రంలోని ఆస్పెన్‌కు వెళ్లాలి. 2001 మార్చి 29న లాస్ ఏంజెలెస్ వైపు నుంచి వచ్చిన గల్ఫ్‌స్ట్రీమ్ 3 చార్టర్ విమానం అక్కడ కొండవాలును ఢీకొని 18 మంది చనిపోయారు. ఇది లైట్ జెట్ కాదు, పెద్దదే. కానీ కథ అదే. ప్రయాణం ఆలస్యంగా మొదలైంది, చీకటి పడ్డాక దిగడానికి ఆంక్షలున్నాయి, మంచు పడుతోంది. రన్‌వే సరిగా కనబడకుండానే ఉండాల్సిన కనీస ఎత్తుకు దిగువకు వచ్చారని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. దోహదం చేసిన కారణాల్లో విమానాన్ని అద్దెకు తీసుకున్న కస్టమర్ నుంచి కెప్టెన్‌పై పడిన ఒత్తిడిని కూడా చేర్చింది. ఆ నివేదికను పైలట్ కావాలనుకునే ప్రతి విద్యార్థీ చదవాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

‘నేను మొదట కో-పైలట్‌నే కదా, నిర్ణయం కెప్టెన్‌ది’ అనుకోకండి. 2010లో మంగళూరులో 158 మంది, 2020లో కోజికోడ్‌లో 21 మంది చనిపోయిన ప్రమాదాలు రెండూ కొండమీది టేబుల్‌టాప్ రన్‌వేల మీదే జరిగాయి. అవి ఎయిర్‌లైన్ విమానాలు. రెండుచోట్లా కుదురుగా లేని అప్రోచ్‌ను కొనసాగించారు, రెండుచోట్లా కుడి సీటులోని కో-పైలట్ ‘గో అరౌండ్’ (దిగడం ఆపి మళ్లీ పైకి లేపు) అన్నాడు, రెండుచోట్లా ఆ మాట చెల్లలేదు. చెప్పడంతో పాటు, పెద్దవారి చేత వినిపించుకోవడం కూడా శిక్షణలో భాగమే. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని నేర్చుకుని పెరిగిన మన పిల్లలకు ఇది మరీ అవసరం. సిమ్యులేటర్‌లో ఆ మాటను గట్టిగా, అందరికీ వినబడేలా అనడం అలవాటు చేసుకోండి.

ఇక దారి. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, 200 గంటలు ఎగరాలి, క్లాస్-1 మెడికల్ నెగ్గాలి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాయాలి. ఫీజు కట్టకముందే మెడికల్ చేయించుకోండి. కళ్లో చెవులో అడ్డుపడితే ఆ సంగతి ముందే తెలుస్తుంది. పరీక్షల్లో వాతావరణ శాస్త్రాన్ని బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లున్నారు. లద్దాఖ్ కొండల్లోని లేహ్‌కు విమానాలు ఎక్కువగా పొద్దున పూటే ఎందుకు నడుస్తాయో ఆ పాఠంతో వివరించగలిగితేనే మీరు చదివినట్టు. శిక్షణలో సెస్నా నడిపేటప్పుడే ప్రతి ఫ్లైట్‌కూ పర్ఫార్మెన్స్ చార్టులు తీసి చేత్తో లెక్క వేయండి, యాప్ తర్వాత చూసుకోవచ్చు. పైలట్ శిక్షణకు డబ్బు పెట్టలేనివారికి ఇవే లెక్కలు చేసే ఫ్లైట్ డిస్పాచర్ ఉద్యోగం ఉంది.

చార్టర్ కంపెనీ ఇంటర్వ్యూలో ‘యజమాని దిగమంటే ఏం చేస్తావు’ అని అడుగుతారు. మీరూ ఒకటి అడగండి: నిరుడు మీ విమానాలు ఎన్నిసార్లు వేరే ఎయిర్‌పోర్టుకు మళ్లాయి, మళ్లించిన పైలట్‌ను ఏమన్నారు? ఒక్కసారీ మళ్లలేదని గర్వంగా చెబితే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఇంకో రెండు చోట్లకు దరఖాస్తు పంపండి.