దానిమ్మ - అనార్

సంస్కృతంలో దాడిమం, తెలుగులో దానిమ్మ, ఫారసీ ఉర్దూలలో అనార్, అరబీలో రుమ్మాన్. ఇరాన్ ప్రాంతం దీని పుట్టినిల్లని శాస్త్రజ్ఞులు తలుస్తారు. పవిత్ర ఖురాన్‌లో దీని పేరు మూడు చోట్ల వస్తుంది. మన కవులు పలువరుసను దానిమ్మగింజలతో పోల్చగా, ఉర్దూవారు ‘ఏక్ అనార్, సౌ బీమార్’ అన్నారు: పండు ఒక్కటి, రోగులు నూర్గురు. హైటెక్ సిటీలో ఒక్క కొలువుకై నిలిచే వరుసను చూచిన మన మియాపూర్ విద్యార్థులకు ఈ సామెతను వివరించనక్కరలేదు.

ఆయుర్వేదంలోని దాడిమాష్టక చూర్ణం, యునానీలోని జవారిష్ అనారైన్ రెండూ జీర్ణకోశానికి ఉద్దేశించినవే. ‘అనారైన్’ అనగా రెండు దానిమ్మలు, తీపిదీ పుల్లనిదీ. తొక్కలోని వగరు విరేచనాలను కట్టుతుందని మన ఇండ్లలో కషాయం కాచి ఇస్తారు. ఇక్కడ మేము ఒక మాట నొక్కి చెప్పదలచాము. విరేచనాలలో పసిబిడ్డ ప్రాణం తీసేది నీరూ లవణాలూ తరిగిపోవడం. తొక్క కషాయం ఆ లోటును పూరించదు. ముందు ఓ.ఆర్.ఎస్. ద్రావణం, వెంటనే వైద్యుడు. వేరుపట్టనైతే ఇంట ముట్టనే రాదు. బద్దెపురుగులను చంపుటకు పూర్వం వాడిన ఆ పట్టలోని ఆల్కలాయిడును ఫ్రెంచి రసాయనవేత్త టాన్రే 1878లో వేరుచేసి పెల్లెటియరిన్ అని పేరు పెట్టాడు. మోతాదు మించితే అది మనిషికీ విషమే.