చలికాలపు షికార్లు - అర్థశాస్త్ర పఠనం

అర్థశాస్త్రమంటే మన విద్యార్థుల్లో చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే: డిమాండు రేఖ కిందికి వాలుతుంది, సప్లయి రేఖ పైకి లేస్తుంది, రెండూ కలిసినచోట సమతౌల్య ధర ఉంటుంది. పరీక్షకు ఆ మాత్రం చాలు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకునే మన మిత్రులు ఇదే పాఠాన్ని బిట్లుబిట్లుగా వల్లె వేస్తుంటారు. వాళ్లలో ఎందరి ఇళ్లల్లోనో నాన్నో, అన్నో చిన్న దుకాణం నడుపుతుంటారు. "ఈ సీజనుకు అప్పు తెచ్చి సరుకు వేద్దామా, వద్దా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు" అని ఇంట్లో అడిగితే మాత్రం మన డిగ్రీ నోరు విప్పదు.

ఆ నోరు విప్పించడానికి ఒక మార్గం ఉంది. చదివిన అధ్యాయాన్ని షికారు వెళ్లినచోట సరిచూసుకోవడం. అందుకు చలికాలం మంచి అదను. కార్తీక వనభోజనాలతో మొదలై, సంక్రాంతి దాటి, మాఘమాసపు పెళ్లిళ్ల దాకా మన ఊరు ఇంట్లో కూర్చోదు. చంపాపేట్ వాసులకైతే ఈ చదువుకు దూరాభారం కూడా లేదు.

ముందుగా నుమాయిష్ సంగతి. ఎల్.బి.నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి గాంధీభవన్ దగ్గర దిగితే చాలు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఆనవాయితీగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అంటే 46 రోజులు సాగే సంత అది. మిర్చిబజ్జీలు తిని, జెయింట్ వీలెక్కి వచ్చేస్తాం గానీ దాని పుట్టుక మనలో ఎందరికి తెలుసు? దాన్ని 1938లో తలపెట్టినది ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం. హైదరాబాదు రాష్ట్రానికి ఒక ఆర్థిక సర్వే జరపాలి, అందుకు డబ్బు కావాలి, కనుక స్థానిక వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టి నిధులు కూడబెడదాం అనుకున్నారు. మొదటి ప్రదర్శన పబ్లిక్ గార్డెన్స్‌లో జరిగింది. పెట్టుబడి రెండున్నర రూపాయలని చెప్పుకుంటారు. 1946లో నాంపల్లికి మారింది. 1947, 48 సంవత్సరాల్లో జరగలేదు. 1949లో మళ్లీ తెరిచినప్పుడు రాజగోపాలాచారి ప్రారంభించారు. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయం నేటికీ విద్యాసంస్థలకు వెళుతుంది. అర్థశాస్త్రం కోసం పుట్టిన సంతకు అర్థశాస్త్ర విద్యార్థి బజ్జీల కోసమే వెళ్లడం నాకు కొంచెం చిన్నతనంగానే తోస్తుంది.

అంతకు ముందే ఎస్. కేశవ అయ్యంగారు 1929-30లో హైదరాబాదు రాష్ట్ర గ్రామాల ఆర్థిక స్థితిగతులపై పరిశోధనలు జరిపి సంపుటాలు వెలువరించారు. లైబ్రరీలో దొరికితే తిరగేయండి. ఎవరిని ఏం అడగాలో, అడిగినదాన్ని ఎలా పట్టికలో వేయాలో నేర్పే గ్రంథం అది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం అసలుదే. నుమాయిష్‌లో ఒక శాలువాల వ్యాపారి ఉన్నాడనుకోండి. స్టాలు అద్దె, కరెంటు, రానుపోను ఖర్చులు, పనివాళ్ల జీతాలు అన్నీ కలిపి 1,84,000 రూపాయలు. ఇది స్థిర వ్యయం. ఒక్క శాలువా అమ్మినా, వెయ్యి అమ్మినా ఇంతే. 46 రోజులకు పంచితే రోజుకు 4,000. శాలువా కొన్నది 500, అమ్మేది 700, మిగిలేది 200. అంటే రోజుకు 20 శాలువాలు అమ్మితేనే అసలు గట్టెక్కుతాడు. మొదటి వారం రోజుకు 12 చొప్పునే పోయాయంటే రోజుకు 1,600 నష్టంతో నవ్వుతూ కూర్చున్నాడన్నమాట!

అసలు మజా చివరి రోజుల్లో ఉంది. ఫిబ్రవరి 14 సాయంత్రం అదే శాలువా 420కి ఇచ్చేస్తాడు. "కొన్న ధరకన్నా తక్కువకా? అబద్ధం చెబుతున్నాడు" అంటాం మనం. అబద్ధం కానక్కరలేదు. స్టాలు అద్దె ఎప్పుడో చెల్లించేశాడు, అమ్మినా అమ్మకపోయినా అది తిరిగి రాదు. సరుకు వెనక్కి మోసుకుపోతే వచ్చే సీజను దాకా పది నెలలు మూటలో ఉండాలి. అప్పు వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలనుకోండి. ఈరోజు చేతికొచ్చిన 420తో అప్పు తీరిస్తే పది నెలల్లో 84 రూపాయల వడ్డీ మిగులుతుంది. మొత్తం 504. అప్పుడు 500 పెట్టి కొత్త శాలువానే కొనుక్కోవచ్చు! మోత కూలి, చిమ్మటల భయం లెక్కలోకి రానేలేదు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో తన అర్థశాస్త్ర సూత్రాల గ్రంథంలో చేపల బజారును తీసుకొని అతి స్వల్పకాలంలో ధర ఎలా నిర్ణయమవుతుందో వివరించాడు. చేతిలో ఉన్న నిల్వే సప్లయి; దాన్ని తయారుచేయడానికైన ఖర్చు ఆ పూటకు అక్కరకు రాదు. మార్షల్ చేపకు ఒక రోజు గడువు, మన శాలువాకు 46 రోజులు.

ఇంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సరుకు వేసేముందు "ఎంత లాభం?" అనేదానికన్నా "రోజుకు ఎన్ని అమ్మితే గట్టెక్కుతాం? మిగిలితే ఎంతకు వదిలించుకోగలం?" అని చూడాలి. ప్రమాదం సంగతి కూడా మరవద్దు. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచి వందకు పైగా స్టాళ్లు బూడిదయ్యాయి. 2021లో కరోనా వల్ల సంతే లేదు. పుస్తకాల్లో లాభాన్ని అనిశ్చితికి ప్రతిఫలమని ఒక్క వాక్యంలో రాస్తారు. ఆ వాక్యం బరువు ఇంత.

ఆడమ్ స్మిత్‌ను చదవాలనుకునేవారు 1776 నాటి ఆ మహాగ్రంథాన్ని మొత్తం నెత్తికెత్తుకోనక్కరలేదు. మొదటి భాగంలో తొలి మూడు అధ్యాయాలు చాలు. మార్కెట్ ఎంత విశాలమైతే శ్రమవిభజన అంత సాధ్యమని మూడోది చెబుతుంది. లక్షలమంది వచ్చేచోట ఒకడు శాలువాలు మాత్రమే అమ్మి బతకగలడు. మన చంపాపేట్ గల్లీలో కిరాణా సేటు బియ్యం, పెన్సిళ్లు, దోమల చుట్టలు, ఫోన్ రీచార్జి అన్నీ చూసుకోవాల్సిందే. పారిభాషిక పదాలు తడబెడితే తెలుగు అకాడమీ పుస్తకాలు పక్కన పెట్టుకోండి. కొనడానికి డబ్బు లేకపోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. ఒక్క జాగ్రత్త: 2017కు ముందటి అమ్మకం పన్ను పుస్తకం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. జి.ఎస్.టి. వచ్చాక దాని విలువ తూకానికే. మార్షల్‌కు ఆ బెంగ లేదు.

వనభోజనాలకు హరిణ వనస్థలి వైపు వెళ్లేవారు గేటు దగ్గర టికెట్టు గురించి ఒక్క క్షణం ఆలోచించండి. లోపలి కృష్ణజింకలను చూడటానికి వెల కట్టవచ్చు. ఆ అడవి వనస్థలిపురానికిచ్చే గాలికి ఎవరు టికెట్టు కొడతారు? ఇటువంటి వాటిని పిగూ 1920లో సంక్షేమ అర్థశాస్త్రంలో చర్చించాడు. దీని రెండో ముఖం మన సరూర్‌నగర్ చెరువు. 2020 అక్టోబరు వరదల్లో చుట్టుపక్కల కాలనీలు నీటమునిగాయి. చెరువు పల్లంలో ప్లాటు అమ్మినవాడు లాభం తీసుకొని వెళ్లిపోయాడు, నీళ్లు తోడుకున్నది కొన్నవాడు. ప్లాటు ధరలో ఆ నీళ్ల ఖరీదు కలవలేదు.

డిసెంబరు సెలవుల్లో నలుగురు కలిసి చెరువు చుట్టూ నడవండి. చేతిలో నోటుబుక్కు ఉండాలి. ఇంటింటికీ మూడు ప్రశ్నలు: ప్లాటు ఏ సంవత్సరం కొన్నారు, ఎంతకు కొన్నారు, 2020లో మరమ్మతులకు ఎంతయింది? పేర్లు రాసుకోవద్దు. చెప్పనన్నవారిని బలవంతపెట్టవద్దు. యాభై ఇళ్లు పూర్తయ్యాక పట్టిక వేసి మన సంఘం గోడపత్రికలో పెట్టండి.