ఫ్రీజరులో అంటుకొనిపోయిన ఆహారము

మన మన్యమున లంబసింగివంటి చోట్ల గడ్డచలి దినములలో వేకువజామున గడ్డిపై తెల్లని మంచు పేరుకొనుట కొందరు విద్యార్థులు చూచియేయుందురు. ప్రొద్దెక్కగానే అది తనంతట కరగును. దానిని కత్తితో గోకవలెనని యెవ్వరును తలంపరు. అదే మంచు ఇంటిలోని ఫ్రీజరునందు మాంసపు పొట్లమును రేకుకు బిగించినప్పుడు మాత్రము మనకు ఓర్పు చాలదు.

మా యింట నొక క్రిస్మసు ముందునాడు ఇట్లే జరిగినది. విశాఖపట్టణమునుండి తెచ్చి దాచిన చేపలను నేను కత్తిమొనతో పెల్లగింపబోయితిని. బుస్సుమని శబ్దము వచ్చెను. చేపలు చేతికి వచ్చినవి గాని ఫ్రిజ్జు మరల చల్లబడలేదు. ఆ రేకును అంటియే సన్నని గొట్టములుండును. లోపలి వేడిమిని వెలుపలికి మోసికొనిపోవు పదార్థము వానిలోనే ప్రవహించును. ఇప్పటి పెక్కు ఫ్రిజ్జులలో అది ఐసోబ్యుటేను, మండు స్వభావము గలది. కావున అట్టి శబ్దము వినబడినయెడల అగ్గిపుల్ల గీయక, స్విచ్చు ముట్టక, తలుపులు తెరచి వెలుపలికి పోవలెను.

అసలు పొట్లము అంటుకొననేల? తడి పొట్లమును పెట్టుట ఒక కారణము. మన ప్రాంతమున అంతకు మించినది విద్యుత్తు పోవుట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెక్కు ఊళ్లు దినములతరబడి చీకటిలోనుండెను. కరెంటు పోగా మంచు కరగి, నీరు పొట్లము క్రిందికి జారును. కరెంటు రాగానే ఆ నీరు రేకు గరుకులలో గడ్డకట్టి పట్టుకొనును.

దీనిని విడిపించుటకు ఎంత వేడిమి కావలెనో లెక్క చూడుడు. పొట్లము అడుగు 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, మంచుపొర 1 మిల్లీమీటరు మందము అనుకొందము. ఆ మంచు రమారమి 27 గ్రాములు. గ్రామునకు 80 కెలోరీల చొప్పున 2,200 కెలోరీలు చాలును. అర లీటరు నీరు 60 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు చల్లారునప్పుడు 10,000 కెలోరీలు విడుచును. కొంత వృథాయైనను పని జరుగును.

కావున ముందు ప్లగ్గు తీసి, వేడినీటి గిన్నెను గుడ్డపై ఉంచి, తలుపు మూసి పది నిమిషములు ఆగుడు. తరువాత వేడినీట ముంచి పిండిన గుడ్డను పొట్లము అంచులకు అద్దుచు, చెక్క తెడ్డుతో మెల్లగా కదల్చుడు. మరుగునీరు పోయరాదు, గాజు అర పగులును. ఉప్పు మంచును కరగించును గాని రేకును తినివేయును.

ఇకముందు అంటకుండుటకు పొట్లమును పొడిగా తుడిచి, క్రింద మందమైన ప్లాస్టికు పలక వేయవలెను. దానిని వంచినంతనే మంచు పగులును. అడ్డాకు విస్తరి పనికిరాలేదు. మంచు దానినిగూడ రేకుతో కుట్టివేసినది!

ఊరికి పోవునప్పుడు చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, పైన రూపాయి నాణెము ఉంచి ఫ్రీజరులో విడువుడు. తిరిగి వచ్చి చూచునప్పుడు నాణెము అడుగున నున్నచో మంచు అంతయు ఒకమారు కరగి మరల గడ్డకట్టినదన్నమాట. అప్పుడు ఆ చేపలు ఎంత గట్టిగానున్నను కూరకు పనికిరావు, పారవేయుడు.