ఎన్నేళ్ళకి ఏ హక్కు?

మన తొమ్మిదో తరగతిలో చాలామందికి 14 ఏళ్ళు. "పిల్ల ఎదిగిపోయింది, ఇంక చదువెందుకు?" అని ఊర్లో అనేది ఈ వయసులోనే. అందుకని చట్టం ఏం చెబుతుందో అందరం తెలుసుకోవాలి.

మనకి దగ్గరలోని విజయనగరంలో గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం నాటకం రాశారు. 1897లో అచ్చయిన ఆ పుస్తకం ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన 1034 శుల్కం పెళ్ళిళ్ళలో 99 మంది పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళే. ముగ్గురికి ఒక్క ఏడే!

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 అని పెట్టారు. 1978లో 18, 21 చేశారు. ఇప్పుడున్నది 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం.

"మనం గిరిజనులం, మన ఆచారం వేరు" అంటారు కొందరు. హిందూ వివాహ చట్టం మామూలుగా మనకి వర్తించదు, నిజమే. కాని ఈ చట్టం సవరలకి, జాతాపులకి, అందరికీ ఒకటే. పెళ్ళి చేయించినవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఆడవాళ్ళకి జైలు లేదు, జరిమానా ఉంది. పెళ్ళి అయిపోయినా 20 ఏళ్ళు నిండేలోపు ఆ పిల్ల కోర్టులో రద్దు అడగవచ్చు.

గుర్తుంచుకోవలసిన వయసులు:
1. 6 నుంచి 14 – ఉచిత నిర్బంధ విద్య.
2. 14 లోపు – కూలికి పెట్టకూడదు. 18 లోపు గనులు, బాణసంచా వంటి ప్రమాదమైన పనులు కూడదు.
3. 18 లోపు – ఎవరైనా చెడుగా తాకితే పోక్సో చట్టం (2012).
4. 18 నిండితే – ఓటు.

ఒక సంగతి చూడండి. ఉచిత చదువు హక్కు 14తో ఆగుతుంది, పెళ్ళి వయసు 18. మధ్యలో నాలుగేళ్ళు ఖాళీ. సెలవులకెళ్ళి తిరిగి రాని అమ్మాయిలు ఆ ఖాళీలోనే పోతున్నారు. ఆ నాలుగేళ్ళూ మనల్ని కాచేది ఈ హాస్టలే.

మరి వయసు రుజువేది? మన అమ్మలు "కందికొత్తల పండగ ముందు పుట్టావు" అంటారు, సంవత్సరం చెప్పలేరు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ముందు చూసేది బడి సర్టిఫికెట్టే. అది లేకపోతే పంచాయతీ జనన పత్రం, అదీ లేకపోతే డాక్టరు పరీక్ష. కాబట్టి రిజిస్టరులో మీ పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో సెలవుల ముందే చూసుకోండి.

ఎవరికైనా ఇంట్లో పెళ్ళి మాట వస్తే వార్డెన్ అమ్మగారికి చెప్పండి. లేదా 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు.