తెల్ల పావులొస్తే ఏం ఆడాలి?

"అన్నా, తెల్ల పావులొస్తే ఏ ఓపెనింగ్ ఆడాలి?" మా చెస్ క్లబ్బులో చేరిన ప్రతి జూనియరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏదో ఒక పేరు చెప్పి పంపించేయడం తేలిక. దాడి ఇష్టమైతే ఈ4 ఆడు, సేఫ్‌గా ఉండాలంటే డీ4 ఆడు. రెండేళ్లపాటు నేనూ ఇలాంటి జవాబులే విన్నాను, ఇలాంటివే చెప్పాను. పోయినేడాది ఇంటర్ కాలేజీ టోర్నమెంటు చివరి రౌండు తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకో ముందు చెప్పి, తర్వాత పాఠంలోకి వస్తాను.

అది నలుగురేసి ఆడే టీమ్ పోటీ. మూడు బోర్డులు అయిపోయాయి, స్కోరు ఒకటిన్నర, ఒకటిన్నర. మిగిలింది నా బోర్డు. నావి తెల్ల పావులు. అప్పట్లో నాకు మిఖాయిల్ తాల్ అంటే పిచ్చి. 1960లో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, పావుల్ని అక్షింతల్లా చల్లేసి ఎదుటి రాజుని పట్టుకునేవాడు. ఆయన గేములు చూసీ చూసీ నేనూ అలాంటివాణ్ణే అనుకుని కింగ్స్ గాంబిట్ పట్టుకున్నాను. ఈ4, ఈ5, ఎఫ్4. అంటే రెండో ఎత్తుకే ఒక బంటుని ఎరగా వేయడం, అదీ రాజుకి కాపలా ఉన్న బంటుని. అవతలి అబ్బాయి ఎర మింగాడు. నేను గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాను. అతను జీ5 ఆడి, మింగిన బంటుని గట్టిగా కాపాడుకున్నాడు. ఇక్కడ తెల్లవాడు తెగించాలి. నేను తెగించలేదు. ఇరవై నిమిషాలు బోర్డు వంక చూస్తూ కూర్చుని, రెండు మెత్తటి ఎత్తులు వేశాను. బంటూ పోయింది, దాడీ రాలేదు. 26వ ఎత్తు దగ్గర చెయ్యి కలిపేశాను. మా కెప్టెన్ ఫైనలియర్ అన్న. ఆయనకి అదే ఆఖరి టోర్నమెంటు.

తిరుగు బస్సులో అన్న తిట్టలేదు. నా స్కోర్ షీట్ అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఎనిమిదో ఎత్తు దగ్గర నీకేమనిపించింది రా?"

"భయమేసిందన్నా."

"మరి భయమేసే చోటికి నీ అంతట నువ్వే ఎందుకెళ్లావు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సెమిస్టర్ సెలవుల్లో ఇంటికెళ్లి, పాత స్కోర్ షీట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. తెల్లతో ఆడినవి 38 దొరికాయి. ప్రతి గేమునీ 15వ ఎత్తు దాకా బోర్డు మీద పేర్చి ఆగేవాణ్ణి. అప్పుడు నా గడియారంలో ఎంత టైమ్ మిగిలింది? ఈ పొజిషన్ ముందు కూర్చోవడం నాకు ఇష్టంగా ఉందా? ఇప్పుడేం చెయ్యాలో ఒక్క వాక్యంలో చెప్పగలనా? ఈ మూడే రాసుకున్నాను. గెలుపు ఓటముల సంగతి చివర్లో చూశాను.

ఫలితం నమ్మబుద్ధి కాలేదు. తాల్ శిష్యుణ్ణి అనుకున్నవాణ్ణి, గెలిచిన గేముల్లో ఎక్కువ భాగం మంత్రులు మారిపోయాక గెలిచాను! ఏనుగులూ బంట్లూ మిగిలిన చోట టైమ్ పుష్కలంగా ఉంది, ప్లానూ ఉంది. రాజుల మీద మంటలు లేచిన ప్రతిచోటా టైమ్ అయిపోయింది. నిజానికి ఇందులో ఆశ్చర్యమేం లేదు. నాకు ఆట నేర్పింది మా తాతయ్య. ఆయన పాత పద్ధతి ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. ఆట నెమ్మదిగా సాగేది. ఆయన పావుకి పావు మార్చుకుంటూ పోయి, చివరికి ఒక్క బంటుని అవతలి ఒడ్డుకి చేర్చి నవ్వేవాడు. నా చేతికి అలవాటైన ఆట అది. మనసు మెచ్చుకున్న ఆట వేరొకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడమే నా పొరపాటు.

కాబట్టి జూనియర్లకి నా మొదటి మాట: మీ స్టైల్ ఏమిటో మీకు నచ్చిన గ్రాండ్‌మాస్టర్‌ని చూసి తేల్చుకోకండి, మీ స్కోర్ షీట్లు చూసి తేల్చుకోండి. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకైతే గేములన్నీ వాటంతటవే సేవ్ అయి ఉంటాయి, సాకు లేదు. మూడు నిమిషాల బ్లిట్జ్ గేముల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అక్కడ కనిపించేది స్టైల్ కాదు, కంగారు.

ఇక ఓపెనింగుల సంగతి. మొదట ఒక అపోహ తీసేయాలి. "ఇటాలియన్ అంటే నెమ్మది, గాంబిట్ అంటే దూకుడు" అని పేరుని బట్టి ముద్ర వేస్తుంటారు. ఇటాలియన్‌నే చూడండి. ఈ4, ఈ5; గుర్రం ఎఫ్3, గుర్రం సీ6; శకటు సీ4, శకటు సీ5. (బిషప్‌ని తాతయ్య శకటు అనేవాడు, నాకూ అదే నోటికొస్తుంది.) ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి. నాలుగో ఎత్తు బీ4 ఆడితే అది ఎవాన్స్ గాంబిట్. 1820ల్లో ఒక వేల్స్ ఓడ కెప్టెన్ కనిపెట్టిన ఈ ఎత్తుని 1995లో రీగాలో కాస్పరోవ్ బయటికి తీసి, మన ఆనంద్‌ని 25 ఎత్తుల్లో ఓడించాడు. బీ4 బదులు సీ3 ఆడి ఐదో ఎత్తుకి డీ4 తోస్తే, సెంటర్ వెంటనే బద్దలవుతుంది. అదే ఐదో ఎత్తుకి డీ3 ఆడితే ఇరవై ఎత్తుల దాకా ఎవరూ ఎవరినీ ముట్టుకోకపోవచ్చు. మూడు ఎత్తులు ఒకటే, ఆ తర్వాత మూడు రకాల మనుషులకి మూడు ఆటలు. కింగ్స్ గాంబిట్ మానేసినంత మాత్రాన ఈ4 మానేయక్కర్లేదు.

పేరు కాకపోతే మరి దేన్ని చూడాలి? బంట్ల అమరికని. మిగతా పావులన్నీ వెనక్కి రాగలవు, బంటు రాలేదు. పదో ఎత్తుకల్లా బంట్లు ఒక ఆకారంలో కుదురుకుంటాయి. ఏ పావు ఎక్కడ బతుకుతుందో, మీరు ఏ వైపు ఆడాలో ఆ ఆకారమే చెబుతుంది. ఓపెనింగ్ ఎంచుకోవడమంటే, నా దృష్టిలో, నాకు నచ్చిన ఆకారం ఎక్కువసార్లు వచ్చే దారి ఎంచుకోవడం.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఒంటరి డీ బంటు. డీ4 మీద తెల్ల బంటు ఉంటుంది, దానికి అటు సీ వరసలోనూ ఇటు ఈ వరసలోనూ తోడు బంటు ఉండదు. దాని అండతో గుర్రం ఈ5కి దూకుతుంది, ఏనుగులకి దారులు తెరుచుకుంటాయి, శకట్లు నల్ల రాజు వైపు చూస్తుంటాయి. కానీ పావులు మారేకొద్దీ అది కాపాడాల్సిన బరువవుతుంది. నలుపు గుర్రం డీ5లో కూర్చుందంటే ఆ బంటు కదలదు. మంత్రులు బోర్డు మీద ఉన్నంతసేపే దాని యవ్వనం.

అసలు విషయం ఏమిటంటే, ఈ4 ఆడేవాడు నలుపు ఏం ఆడినా ఇంచుమించు ఇదే ఆకారం వైపు ఆటని నడపొచ్చు. నలుపు సిసిలియన్ ఆడితే, అంటే సీ5 అంటే, మీరు రెండో ఎత్తుకి సీ3 ఆడండి. నలుపు డీ5, మీరు కొడతారు, నలుపు మంత్రితో కొడుతుంది, మీరు డీ4. తర్వాత సీ బంటు, డీ బంటు కొట్టుకున్నాయంటే ఒంటరి బంటు తయారు. కారో-కాన్‌లో, అంటే సీ6కి, డీ4, డీ5 అయ్యాక డీ5 మీద బంటు మార్చుకుని సీ4 ఆడండి. ఫ్రెంచ్‌లో, అంటే ఈ6కి కూడా, అంతే: డీ4, డీ5, బంటు మార్పిడి, సీ4. ఇటాలియన్‌లో ఇందాక చెప్పిన ఐదో ఎత్తు డీ4 దారిలో, నలుపు శకటు బీ4 నుంచి చెక్ ఇచ్చాక శకట్లు మారి, నలుపు డీ5 తోస్తే మళ్లీ అదే బంటు. నాలుగు ఓపెనింగుల పేర్లు, ఒకటే చదువు. మిడ్ పరీక్షలకీ ల్యాబ్ రికార్డులకీ మధ్య చెస్ చదువుకునే మనలాంటి వాళ్లకి ఇంతకంటే లాభసాటి బేరం లేదు. నలుపు ప్రతిసారీ ఒప్పుకుంటుందని కాదు. ఒప్పుకోకపోయినా మీరు మాత్రం దారి తప్పరు.

నాలాంటి వాళ్లకి ఇది పనికిరాదు. నాకు ఎండ్‌గేమ్ కావాలి, ఈ బంటు ఎండ్‌గేమ్‌లోనే బరువు. నేను డీ4కి మారాను. డీ5, సీ4, ఈ6. గుర్రం సీ3, గుర్రం ఎఫ్6. అక్కడ సీ బంటుతో డీ5 మీద కొట్టేయడం, నలుపు ఈ బంటుతో తిరిగి కొట్టడం. క్వీన్స్ గాంబిట్ ఎక్స్చేంజ్ అంటారు. గాంబిట్ అన్న పేరే గానీ ఇందులో సాహసమేమీ లేదు. తర్వాత శకటు జీ5, ఈ3, రాజుని కోటలో పెట్టడం. నలుపు సాధారణంగా సీ6 ఆడి డీ5ని కాపాడుకుంటుంది. మంత్రి వైపు నలుపుకి మూడు బంట్లు, మనకి ఏ, బీ రెండే. తక్కువ ఉన్నవాడు ఎక్కువ ఉన్నవాడి మీదికి వెళ్లడమే ఇక్కడి ప్లాన్. బీ4, బీ5, ఆపైన సీ6 మీద కొట్టడం. నలుపు బీ బంటుతో తిరిగి కొడితే, సీ6లో ఒక బలహీనమైన బంటు మిగిలిపోతుంది. దాని మీద ఏనుగులు గురిపెట్టి ఇరవై ఎత్తులు నొక్కడమే. చూసేవాళ్లకి నిద్రొస్తుంది. నాకు మాత్రం పండగ. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది: మనం అటు పని చేస్తుంటే నలుపు ఇటు మన రాజు మీదికి వస్తుంది. ఎప్పుడు ఆపి కాపాడుకోవాలో నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు, ఎనిమిది ఓటములు పట్టాయి.

లండన్ సిస్టమ్ గురించి అడగనివాళ్లు లేరు. డీ4, శకటు ఎఫ్4, ఈ3, సీ3, గుర్రాలు ఎఫ్3, డీ2. అవతలివాడు ఏం ఆడినా ఇంచుమించు ఇవే. చెడ్డ ఓపెనింగ్ కాదు, కార్ల్‌సన్ కూడా ఆడాడు. నా అభ్యంతరం ఒక్కటే. ఇది ఆడే జూనియర్లు మొదటి ఎనిమిది ఎత్తులు బోర్డు చూడకుండా వేస్తారు. శకటు బయటికెళ్లిందంటే బీ2 బంటుకి దిక్కు లేదు. నలుపు త్వరగా సీ5 ఆడి, మంత్రిని బీ6కి తెస్తే అప్పుడు ఉలిక్కిపడతారు. అలవాటు కోసం ఆడండి, బద్ధకం కోసం ఆడకండి.

సీ4, గుర్రం ఎఫ్3 లాంటి మొదటి ఎత్తుల జోలికి ఇప్పుడు వెళ్లను. అవి ఆకారం ఇంకా తేల్చకుండా వాయిదా వేసే ఎత్తులు. నాలుగైదు ఆకారాలు తెలిసినవాడికే ఆ వాయిదా వల్ల ఉపయోగం.

"మరి పెద్దవాళ్లు అన్నీ ఆడతారు కదా?" అని మా రూమ్మేట్ వాదన. నిజమే. 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో గుకేశ్ తెల్లతో ఈ4, డీ4, గుర్రం ఎఫ్3 మూడూ ఆడాడు. జీవితమంతా దాదాపు ఈ4తోనే గడిపిన ఫిషర్ 1972లో రేక్యవిక్‌లో ఆరో గేముని సీ4తో మొదలుపెట్టి క్వీన్స్ గాంబిట్‌లోకి వెళ్లి గెలిస్తే, ఓడిన స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు. ప్రధానంగా ఈ4 ఆటగాడైన ఆనంద్ 2008లో బాన్‌లో క్రామ్నిక్ మీద డీ4కి మారాడు. కానీ వాళ్లు మారింది ఎదుటివాడి నెలల తయారీని వృథా చేయడానికి. మన కోసం నెలలపాటు తయారయ్యే ప్రత్యర్థి ఎవడున్నాడు? స్టాక్‌ఫిష్ చూపించే పావు బంటు ఆధిక్యం కోసం ఓపెనింగ్ మార్చడం కూడా అలాంటిదే. మన స్థాయిలో ఆ పావు బంటు పన్నెండో ఎత్తు దాకా బతకదు.

ఒకటి పట్టుకుంటే కనీసం ముప్ఫై గేములు ఆడండి. మొదటి పదింట్లో ఓడితే అది ఓపెనింగ్ తప్పు కాదు. ముప్ఫై తర్వాత మళ్లీ ఆ మూడు ప్రశ్నలు వేసుకోండి. 15వ ఎత్తు దగ్గర కూర్చోవడం ఇంకా ఇష్టంగా లేకపోతే అప్పుడు మార్చండి.

నా కింగ్స్ గాంబిట్ పుస్తకాన్ని రూమ్మేట్‌కి ఇచ్చేశాను. వాడికి చేతిలో పావు ఉంటే ఇచ్చేయాలనిపిస్తుంది. మెస్‌లో భోజనం కాగానే బోర్డు వేస్తాడు. ఈ4, ఈ5, ఎఫ్4. నేను కొడతాను, వాడి గుర్రం వస్తుంది, నేను డీ5 ఆడి ఆటని చల్లబరుస్తాను. అది మంచి విరుగుడని పుస్తకంలోనే ఉంది. అయినా వాడు పదింట్లో ఆరు గెలుస్తున్నాడు. నన్ను భయపెట్టిన పొజిషన్లోనే వాడు టీ తాగుతూ, పాట పాడుకుంటూ కూర్చుంటాడు. వచ్చే నెల టోర్నమెంటుకి నాలుగో బోర్డు వాడిది. నేను రెండో బోర్డులో డీ4 ఆడతాను.