బుల్లెట్టు లాగుడును గూర్చి చిరంజీవికి

హిందూపురము

  

నీ యుత్తరము చేరినది. అంతకు ముందే మీ అమ్మ ఫోనులో చెప్పిన సంగతి నా చెవిని బడినది. కిక్కు కొట్టబోగా అది ఎదురుతన్ని నీ కుడికాలి మడమ వాచినదట. వారము దినములుగా కుంటుచునే మగ్గముల యిండ్లకు తిరుగుచుంటివట. బండిని గూర్చి నాలుగు పుటలు వ్రాసినవాడవు కాలిని గూర్చి ఒక్క ముక్కయు వ్రాయవైతివి. ముందు ఆ కాలు డాక్టరునకు చూపించుకొనుము.

ఇక బండి మాట. ధర్మవరమునుండి చీరల మూటలతో హిందూపురము వైపు బయలుదేరి పెనుకొండ ఎక్కుడు వచ్చునప్పటికి మూడవ గేరులో లాగలేక ఇంజను టకటక కొట్టుకొనుచున్నదని వ్రాసితివి. అందుచేత బెంగుళూరులో ఎవరో పెద్ద కార్బురేటరు బిగించి, సైలెన్సరు లోపలి జాలి తీసివేసి ఇచ్చెదమనగా ఒప్పుకొనబోవుచుంటినని వ్రాసితివి. నాయనా, ఆ పని చేయకుము. అది మీ నాయన చేతి బండి యగుట చేత మాత్రమే నేనిట్లు చెప్పుట లేదు.  నీకు కావలసినది క్రింది వేగమున లాగుడు. వారు చేసెదమనునవి పైవేగమునకు పనికివచ్చు మార్పులు.

ఆ యంత్రము పుట్టుకయే నెమ్మదిగా తిరుగుచు బరువు లాగుటకై ఏర్పడినది. 70 మిల్లీమీటర్ల వ్యాసము గల సిలిండరులో పిస్టను 90 మిల్లీమీటర్లు ఎక్కి దిగును. వెడల్పు కంటె ఈ నడక ఎక్కువగుట చేతను, గాలి వచ్చు దారి ఇరుకుగా నుండుట చేతను, వాల్వులు తొందరపడక తెరచుకొని మూసికొనుట చేతను, అన్నిటికిని తోడుగా బరువైన ఫ్లైవీళ్లు తిరుగుచుండుట చేతను, ఆ 346 సీసీల ఇంజను తన సత్తువను నిదానములోనే చూపును. నిమిషమునకు 5,625 చుట్ల వద్ద 18 గుర్రపు బలము లిచ్చునని కంపెనీవారి లెక్క. కాని మూటలు మోయునది ఆ లెక్క గాదు, అందులో సగము చుట్లకే చేతికి దొరకు లాగుడు. సరిహద్దుల కాపలాకు మన సైన్యము ఈ బండిని కోరి కొన్నది; 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలయుటకు ఆ కొనుగోలే కారణము. ఇట్టి ఇంజనుకు పెద్ద కార్బురేటరు పెట్టితిమా, వెడల్పైన గొట్టములో గాలి అల్పవేగమున మందగించును. మందగించిన గాలి పెట్రోలును సన్నని తుంపరగా చీల్చలేదు. యాక్సిలరేటరు తిప్పిన తక్షణమే ఇంజను గతుక్కుమనును. సైలెన్సరు జాలి తీసిన శబ్దము పెరుగును గాని పెనుకొండ ఎక్కుడు తగ్గదు.

ధర్మవరము కంటె హిందూపురము 200 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. వచ్చునప్పుడు మొండికేసిన బండి తిరుగు దారిలో చక్కగా పరుగెత్తినదని నీవు ఆశ్చర్యపడితివి. మూటలు దింపి పోయితివి, దారియు పల్లము, అంతకన్న వేరు కారణ మక్కరలేదు. మా చిన్నతనమున ఈ రైలు లైను మీటరుగేజిగా నున్న దినములలో, పెనుకొండ వద్ద బొగ్గు ఇంజను ఎక్కుడు పట్టి వచ్చుచుండగా నేనును మీ నాయనయు కట్టమీద కూర్చుండి వినెడివారము. ఒక్కొక్క ఊపిరికిని మొత్తము బండి కదలెడిది. అది జారుచున్నదో, పట్టుచున్నదో మీ నాయన కన్నులు మూసికొని చెప్పెడివాడు. వానికి చెవి అట్టిది. నీకును అదే చెవి వచ్చినదని నాకు నమ్మకము. కావుననే ఆ టకటకను నీవు గుర్తించితివి.

ఆ టకటకయు, నీ కాలికి తగిలిన ఎదురుదెబ్బయు వేరువేరు రోగములు కావు. రెండును నిప్పు ముందుగా పడుచున్నదని చెప్పుచున్నవి. పిస్టను పైకి ఇంకను చాల దూరము రావలసియుండగనే ప్లగ్గు అంటించినచో, మండిన వాయువు దానిని ఎదురునెట్టును; కిక్కు కొట్టినప్పుడు ఆ నెట్టుట నీ మడమకు తగిలినది, ఎక్కుడున పిస్టనుకు తగులుచున్నది. డిస్ట్రిబ్యూటరు క్రింద రెండు చిన్న బరువులు, వానిని పట్టియుంచు రెండు స్ప్రింగులు కలవు. వేగము పెరిగిన కొలది బరువులు విచ్చుకొని నిప్పును ముందుకు జరుపును. స్ప్రింగులు ముసలివై సాగినచో వేగము లేకున్నను బరువులు విచ్చుకొనును. ఇన్ని సంవత్సరములలో ఆ స్ప్రింగులను ఎవరైనను మార్చిరా? మార్చియుండరు. ప్రతివాడును కార్బురేటరునే విప్పును, దానినే కడుగును, దానినే తిట్టును. ఆ మూత క్రింద ఏమున్నదో చూచువాడు అరుదు.

మా యౌవనమున హిందూపురము బజారులో ఒక వృద్ధ మెకానిక్కు ఉండెడివాడు. పొగ త్రాగనివాడే యైనను ఆయన చొక్కా జేబులో ఎల్లప్పుడును సిగరెట్టు కాగితము లుండెడివి. ఆయన చేసినట్లే నీవును చేయవలెను. స్ప్రింగులు మార్చిన పిదప, మొదట పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నచోట సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండునట్లు సరిచేయుము. సందు మారినచో టైమింగు మారును గావున ఇది ముందు, అది వెనుక. తరువాత ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున సన్నని ఊచ దించి, రెండు వాల్వులును మూసియున్న దెబ్బలో పిస్టను శిఖరమును కనుగొనుము. అచ్చటినుండి కొంచెము ఎక్కువగా వెనుకకు త్రిప్పి, మరల ముందుకు తెచ్చుచు, శిఖరమునకు 0.8 మిల్లీమీటరు క్రింద ఆపుము. పళ్ల మధ్యనున్న వదులు ఇట్లు తెచ్చినగాని పోదు. ఇప్పుడు కాగితపు ముక్కను పాయింట్ల నడుమ నుంచి మెల్లగా లాగుము. అంతవరకు బిగిసియున్న కాగితము సరిగా ఆచోటనే చిరుగక జారి రావలెను. ముందే జారినచో ముందు, చిరిగినచో ఆలస్యము. ఆ వృద్ధుడు కాగితము జారిన క్షణమున "ఆఁ" అనెడివాడు; ఆ మాట విని బయట నిలిచిన వారందరును జేబులు తడవుకొనెడివారు.

ఆ పనితోనే పుష్‌రాడ్లను గూడ చూడుము. ఇంజను చల్లగా నుండగా వ్రేళ్లతో తిప్పిన తిరుగవలెను, పైకి క్రిందికి ఆడరాదు. క్లచ్చు జారుచున్నదేమో, బ్రేకు పట్టుచున్నదేమో చూచుకొనుము. ఇంతయు చేసినను లాగుడు చాలదందువా, అప్పుడు గేరుబాక్సు పళ్లచక్రములో ఒక పల్లు తగ్గింపుము. 16 ఉన్నచోట 15 వేసిన నూటికి ఆరుపాళ్లకు మించి లాగుడు కలిసివచ్చును, పైవేగము అంతమేరకు తగ్గును. పెండ్లిళ్ల కాలమున నీకు చీరలు చేరవలసినదే గాని వేగముతో పని యేమి?

ఎక్కుడున టకటక వినబడువరకు ఆగక ముందే గేరు దించుము. రాత్రివేళ మూటలతో హైవేపై రావలదు. లారీలవారికి నీ వెనుక దీపము కానరాదు. వేళకు తినుము. మీ అమ్మతో మెత్తగా మాటలాడుము, ఆమె ఈ మధ్య చిక్కినది.

బెంగుళూరువానికి సొమ్మేమైన నిచ్చియుంటివేని వెంటనే అడిగి తీసికొనుము. కాలు తగ్గిన పిదప ఆదివారమున బండిని బస్సుపైనో టెంపోలోనో వేసికొని ఇచటికి రమ్ము, నడుపుచు రావలదు. స్ప్రింగులు నేను తెప్పించి యుంచెదను. పాత స్ప్రింగులను పారవేయకుము. క్రొత్తవాని ప్రక్కన పెట్టి ఎంత సాగినవో చూడవలెను.

ఇట్లు,
మీ పెదనాయన